శివుణ్ణి నీళ్లలో నిలబెట్టిన ఊరు

బావుల పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఒకటుంది. మీరు ఏ ఊరికి వెళ్లినా అక్కడ మీకంటే ముందు దేవుడు వచ్చి కూర్చుని ఉంటాడు. నీళ్లు లేనప్పుడు జనం మొదట పోయేది ఆయన దగ్గరికే. ఆయన పలక్కపోతేనే సర్కారుకు అర్జీ పెడతారు. కాబట్టి టేపు చేతపట్టుకుని జీపు దిగి, గుడివైపు చూసి నవ్వకండి. మీకొచ్చింది రెండో అర్జీ. ఆ సంగతి మరిచిపోతే మీరూ బాగుపడరు, ఆ ఊరూ బాగుపడదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే మాట ఇంకొకటి చెప్పాలి. దండం పెట్టి ఊరికే కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడూ మండేది, ఇప్పుడూ మండుతుంది. వయసు మీదపడితే భక్తి పెరుగుతుందని మా వీధిలో పెద్దలు అంటుంటారు. నాకు పెరిగింది కోపమే. ఈ రెండు మాటలకూ ఎక్కడ పొత్తు కుదిరిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, పింఛన్ల సంగతులు కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

డేరాలో పూజ

మాది కడప జిల్లా. ఒంటిమిట్ట తిరునాళ్లకు నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో మా ఊరు. మా అమ్మ రాములవారికి కష్టాలు చెప్పుకునే తీరు నాకు చిన్నప్పటినుంచీ నచ్చేది కాదు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, చేలో పైరు ఎండినా ఒకటే మాట. "నీ పాదాల కాడ పడి ఉంటాం సామీ, నువ్వెట్ల చేస్తే అట్ల." మనకు ఏం కావాలో నోరు తెరిచి అడగదు. చేతిలో విల్లు పట్టుకుని నిలబడిన దేవుడి ముందు ఇంత మెత్తగా మాట్లాడితే ఆయనకైనా ఎలా తోస్తుంది అనుకునేవాణ్ణి. ఆ మాట పైకి అంటే అమ్మ చెంప పగలగొట్టేది.

నాకు బావుల ఓవర్సీరుగా ఉద్యోగం దొరికేటప్పటికి ఆంధ్ర రాష్ట్రం వేరుపడి రాజధాని కర్నూలుకు వచ్చింది. ఊరినిండా డేరాలే. ఆఫీసులు డేరాల్లో, గుమాస్తాల కాపురాలు డేరాల్లో. గాలి లేస్తే కాగితాలు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టుకునేవాళ్లం. మా ఇంజనీరుగారి డేరాలో ఒక మూల దేవుడి పటాలు, కర్పూరపు పళ్లెం, ఎప్పుడూ వాడిపోని పూలు ఉండేవి. నిజం చెప్పాలి, ఆయన మంచివారు. లంచం ముట్టరు, కిందివాళ్లను తిట్టరు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పొద్దున పూజ అయిపోగానే ఆ రోజు భారమంతా దేవుడి మీద పెట్టేసి తాను తేలికపడిపోయేవారు. ఆ భారంలో మా భారం కూడా కలిసిపోయేది.

"సార్, మందుగుండు ఇంకా రాలేదు."

"వస్తుందయ్యా. ఆయన దయ ఉంటే రాదా?"

"సార్, ఆ ఊళ్లో జనం ఇళ్లొదిలి పోతున్నారు."

"మన చేతిలో ఏముందయ్యా, ప్రార్థించు."

ప్రార్థన అన్న మాట వింటేనే నాకు పళ్లు కొరుక్కోవాలనిపించేది. ఆ మాట మీద నాకు మళ్లీ గౌరవం పుట్టించిన మనిషిని ఆ ఏడే చూశాను.

నడుము లోతు నీళ్లు

పత్తికొండకు పడమరగా ఒక ఊరు. పేరు రాయను. వరసగా మూడేళ్లు వాన మొహం చూడలేదు. గొడ్లను కొందరు అమ్ముకున్నారు, కొందరు నల్లమలకు తోలేశారు. ఊరికంతా మిగిలింది రాతిలో తొలిచిన ఒక పాత బావి. దాని మీద నీళ్లు తోడే కపిల దూలం ఉంది గానీ లాగేందుకు ఎద్దులు లేవు. అడుగున నడుము లోతు నీళ్లు. ఆడవాళ్లు మెట్లు దిగి, తేటనీళ్ల కోసం కొబ్బరిచిప్పతో పైపైన తీసి కడవ నింపుకునేవారు. రోజురోజుకూ ఒక్కో మెట్టు బయటపడుతోంది. ఆ నీళ్లు అయిపోయిన రోజు ఊరు కూడా అయిపోయినట్టే. అప్పటికే కొన్ని కుటుంబాలు కూలి వెతుక్కుంటూ బళ్లారి దోవ పట్టాయి.

నాతో వచ్చిన, రాయి కొట్టే వడ్డెవాళ్లకు పెద్ద ఓబులేసు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, సమ్మెట దెబ్బ ఎక్కువ. బావి లోతు చేస్తే నీళ్లు పడతాయని అతనూ అన్నాడు, నేనూ అన్నాను. చిక్కు ఎక్కడంటే, రాయికి రంధ్రం వేసి మందు కూరాలంటే బావి అడుగు ఎండి ఉండాలి. అంటే ఉన్న నీళ్లన్నీ తోడి బయట పోయాలి. ఎక్కడ పోయాలి? కుండల్లో పట్టవు. గుంత తీసి పోస్తే భూమి తాగేస్తుంది, మిగిలింది ఎండ తాగేస్తుంది. నీళ్ల లారీ ఒకటి పంపమని, కనీసం ఇనుప తొట్లయినా పంపమని కర్నూలు పోయి ఇంజనీరుగారిని మూడుసార్లు అడిగాను. ఆయన మూడుసార్లూ పటాల వైపు చూశారు.

ఊళ్లో పంచాయితీ పెట్టి అడిగితే ఒక పెద్దాయన లేచాడు. "ఉండే నీళ్లు పారబోసి ల్యాని నీళ్లు ఎతుకుతానంటాండావే, నీ బిడ్డలు ఈడ ఉంటే ఇట్లనే అంటావా?" నేను ఆ ఊరివాణ్ణయితే నేనూ అదే అడిగేవాణ్ణి.

నాగమ్మవ్వ

ఇంతలో ఊరు ఇంకో ఆలోచన చేసింది. శివాలయం గర్భగుడిలో అన్ని సందులూ మూసి, లింగం మునిగేదాకా నీళ్లు పోసి, వాన పడేవరకూ అలాగే ఉంచేస్తారు. జలదిగ్బంధం అంటారు దాన్ని. కరువు ముదిరితే ఆ పక్క చాలా ఊళ్లలో చేస్తారు. ఈ ఊళ్లో దానికి ముందు నడిచింది నాగమ్మవ్వ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, నాలుగెకరాల రాళ్ల చేను ఉంది. ఆమె గొంతు ఊరి ఈ కొసనుంచి ఆ కొసకు వినిపిస్తుంది.

ఈ సంగతి కర్నూలుకు ఎలా చేరిందో గానీ చేరింది. ఇంజనీరుగారికి జీవితంలో మొదటిసారి కోపం వచ్చింది. "దేవుణ్ణి వేడుకోవాలి గానీ బెదిరించడమేమిటయ్యా? అపచారం! పైగా తాగే నీళ్లు! నువ్వు వెంటనే పోయి ఆపు. బావి దగ్గర మనిషిని కాపలా పెట్టు." అప్పటిదాకా దేనికీ కదలని మనిషి దీనికి కదిలాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆపడానికే వెళ్లాను. గుడి ముందర నాగమ్మవ్వ మోకాళ్ల మీద కూర్చుని బంకమన్ను పిసుకుతోంది.

"అవ్వా, మా దొర వద్దంటున్నాడు. దేవుణ్ణి వేడుకోవాలంట, బెదిరించగూడదంట."

"వేడుకున్న్యాం గదప్పా! మూడేండ్లు వేడుకున్న్యాం. టెంకాయలు కొట్టినాం, పొర్లుదండాలు పెట్టినాం, ఒక్కపొద్దులున్న్యాం. ఇంగ మాతో గాదు. నీళ్లు ల్యాకుంటే ఎట్లుంటాదో మాకు తెలిసె. నీళ్లల్లో ఊపిరాడకుంటే ఎట్లుంటాదో ఆయప్పకూ తెలియనీ."

"ఆయనకు కోపమొస్తే?"

"రానీ. కోపంతోనన్నా ఈ పక్క చూస్తాడు గదా."

నాకు పెద్దగా నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. ఎన్ని నీళ్లు దండగవుతాయో కొలుచుకుని పోయి దొరకు చెబుదామని లోపలికి వెళ్లాను. నాలుగు మెట్లు దిగాలి. పల్లపు గర్భగుడి, బారెడు మందం రాతి గోడలు, ఛాతీ ఎత్తు లింగం. బయట నిప్పులు కురుస్తున్నా లోపల చల్లగా ఉంది. ఎండ పొడ లేదు. రాళ్ల సందుల్లో ఆడవాళ్లు అప్పటికే సున్నం కూరేశారు. బయట నేల ఇంకా పల్లంగా ఉన్న ఉత్తరపు గోడకు అభిషేకం నీళ్లు బయటికి పోయే రాతి తూము ఒక్కటే మిగిలింది.

టేపు చేతిలో ఉండగానే నాకు తట్టింది. నేను కర్నూలులో డేరా డేరాకూ తిరిగి అడుక్కున్న తొట్టి ఇదే. ఇన్నాళ్లూ నా ఎదుటే ఉంది.

బయటికొచ్చి నాగమ్మవ్వ పక్కన నేలమీద కూర్చున్నాను. "అవ్వా, నేను ఆపను. మా వాళ్లూ కడవలు మోస్తారు. బావిలో చుక్క లేకుండా తోడి సామిని ముంచుదాం. బావి ఎండగానే నేను రాయి కొట్టిస్తా. అప్పటిదాకా ఊరంతా ఈ నీళ్లే తాగాల."

ఆమె చేతులు ఆగిపోయాయి. "తాగితే నీళ్లు తగ్గుతాయి. వాన రాకముందే ఆయప్ప తల బయటపడితే మొక్కు చెడ్తాది."

"తల బయటపడేలోగా బావిలో నీళ్లు పడేట్లు చూస్తా."

"చూస్తా అంటే? పడతాయా, పడవా? ఒక మాట చెప్పు."

"పడకపోతే మీతోపాటు నేనూ బళ్లారి దోవ పడతా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "అయితే నువ్వూ నీళ్లల్లో నిలబడినట్లే" అని మళ్లీ మన్ను పిసకడం మొదలుపెట్టింది.

పూజారికి ఇంకో భయం పట్టుకుంది. గర్భగుడిలో నీళ్లు ఊరంతా తాగాలంటే ఊరవతలి వాడవాళ్లూ తాగాలి. వాళ్లు గుడి గడప తొక్కిందే లేదు. దానికి నాగమ్మవ్వ జవాబు ఊరంతా విన్నది. "తూము బయటనే ఉండాది గదప్పా? బయట నిలబడి కడవ పట్టుకునేదానికి ఎవురినడగాల? ఇన్నేండ్లు ఆయప్ప నీళ్లు ఆ తూములోంచి మట్టిలోకి పోతాండె. అప్పుడు మైల ల్యాదు. మనిషి నోట్లోకి పోతే మైలా?"

పూజారి పక్కకు తప్పుకున్నాడు. దొర ఆజ్ఞను నేను అక్కడే మడిచి పక్కన పెట్టేశాను. ఇవాళ్టికీ దానికి నాకు చింత లేదు.

తోడడం, తవ్వడం

బావి అడుగునుంచి గుడి దాకా మనుషులు వరసగా నిలబడి కడవ చేతులు మార్చారు. లింగం మీదికి నీళ్లు మెల్లగా ఎక్కాయి. చివరికి తల కూడా మునిగినప్పుడు ఎవరూ జేజేలు కొట్టలేదు. ఒక ముసలాయన చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ భయం వేసింది. మా అమ్మ చూస్తే ఏమనేదో అనుకున్నాను. నాగమ్మవ్వ మాత్రం చేతులు చీరకు తుడుచుకుని, "ఉండు సామీ, ఉండు" అనేసి ఇంటికి పోయింది.

మరుసటి రోజునుంచి పని. పూడిక తీశాం. దాని కింద నల్లరాయి. ఉలి పెట్టి సమ్మెటతో కొడితే నిప్పు రవ్వలు తప్ప ఏమీ రాలవు. రంధ్రం వేసేది, మందు కూరేది, అందరం పైకి పరిగెత్తేది, పేలాక రాళ్లు గంపలతో పైకి చేరవేసేది. మళ్లీ రాయి. రోజులు పోతున్నాయి గానీ తడి లేదు.

పొద్దున్నే పూజారి దీపం పట్టుకుని గర్భగుడి మెట్ల దగ్గర నిలబడి లోపలికి చూసి, "ఇంగా మునిగే ఉండాడు!" అని అరిచేవాడు. ఆ కేక వినిపించాకే ఊరు కదిలేది. సాయంత్రం తూముకు కొట్టిన బంకమన్ను ఊడదీసి, దాని దగ్గర నాగమ్మవ్వ కర్ర పట్టుకుని నిలబడేది. ఇంటికొక కడవ. ముందు వచ్చినవాళ్లకు ముందు. కరణం ఇంటివాళ్ల వెనక ఊరవతలి ఆడమనిషి, ఆమె వెనక రెడ్డిగారి కోడలు. కొందరికి మొహాలు ముడుచుకున్నాయి గానీ కర్ర చూసి ఎవరూ నోరెత్తలేదు.

కొన్నాళ్లకు పడమటి వైపు రాయి కాస్త చెమ్మగిల్లింది. ఓబులేసు అరచేయి ఆనించి చూసి, "చెమట పడతాంది సారూ" అన్నాడు. అంతే, నీళ్లు కాదు. దాన్ని పట్టుకునే ఇంకా కిందికి పోయాం.

తల కనపడిన పొద్దు

ఒక పొద్దున పూజారి కేక ఆలస్యమైంది. చివరికి వినపడింది గానీ అరిచినట్టు లేదు. "తల కనపడతాంది."

నేను గుడి దగ్గరికి పోయేసరికి ఊరంతా అక్కడే ఉంది. ఓబులేసు మనుషులు సమ్మెటలు దించేసి వచ్చారు. ఒకడు అప్పుడే, "బయటోల్లకు నీళ్లు పంచినందుకే ఇట్లాయె" అన్నాడు. ఇంకెవరో ఇంట్లోంచి మూటలు తేవడానికి కదిలారు. ఊరవతలివాళ్లు దూరంగా ఒక గుంపుగా నిలబడిపోయారు. నా మాట నమ్మి ఒక ఊరు తన బావి ఎండగట్టుకుంది, మొక్కూ చెడగొట్టుకుంది.

నాగమ్మవ్వ వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. గర్భగుడి మెట్లు దిగి, నీళ్లలోనే నిలబడింది. బయట ఉన్న మా అందరికీ ఆమె గొంతు వినపడింది.

"చూడు సామీ. నువ్వు వాన కురిపించి లేసింది గాదు. నీ నెత్తిమీది నీళ్లు మా బిడ్డలు తాగినారు. అందరి బిడ్డలూ తాగినారు. అందుకే ఈ పొద్దు నీకు ఊపిరాడతాంది. మా దయతో లేసినావు. అది మతికి పెట్టుకో."

పూజారి చెవులు మూసుకున్నాడు. ఆమె తడి చీరతో బయటికొచ్చి, "బయటోల్లకు" అన్న ఆ మనిషి ముందు ఒక్క క్షణం ఆగింది. వాడు తల దించుకున్నాడు. తర్వాత మా వైపు తిరిగింది.

"ఏమప్పా, కోతుల మాదిరి నిలబడి సూస్తాండారు? నేను అడిగేది నేనడిగినా. మీరు కొట్టేది మీరు కొట్టండి!"

ఓబులేసు అందరికంటే ముందు దిగాడు. ఆ రోజు నేనూ అంగీ విప్పేసి సమ్మెట పట్టాను. చెమ్మ ఉన్న చోట దగ్గరదగ్గరగా రంధ్రాలు వేశాం. మిగిలిన మందంతా కూరేశాం. పేలినప్పుడు ఊరి పైకప్పుల మీద దుమ్ము లేచింది. పొగ పోయేదాకా ఆగి మెట్లు దిగితే పడమటి గోడ మొదట్లో చెయ్యి పట్టేంత పగులు, అందులోంచి ఎర్రటి బురద నీళ్లు వస్తున్నాయి. కాసేపటికి తేరుకున్నాయి. ఓబులేసు దోసిలి పట్టి తాగి, కూర్చుండిపోయాడు. నేను గొంతు చించుకుని అరిచాను. ఏమరిచానో గుర్తులేదు, మాటలు మాత్రం కావు. నా ఉద్యోగమంతటిలో అంత సంతోషం మళ్లీ కలగలేదు.

ఎవరిచ్చారు

నీళ్లు పడ్డాయని తెలిసి ఇంజనీరుగారు జీపులో వచ్చారు. బావిలోకి తొంగిచూసి కళ్లు చెమర్చి, రెండు చేతులూ జోడించారు. అది దొంగ భక్తి కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. "చూశావా? మీరు బెదిరించినందుకు కాదు, ఆయన దయాళువు కాబట్టి ఇచ్చాడు" అన్నారు.

"ఆ దయకు సమ్మెట పట్టింది ఓబులేసు, సార్" అన్నాను.

ఆయన నా వైపు చల్లగా చూశారు. చెప్పిన మాట వినని ఓవర్సీరును ఏం చెయ్యాలో ఆ చూపులోనే తేలిపోయింది. నాకు కర్నూలు వదిలి పొమ్మనే ఉత్తర్వు వారం తిరగకుండా వచ్చింది. రాకపోతే ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఆయన తర్వాత నాగమ్మవ్వ వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగారు. "అమ్మా, దేవుడు మీ మొర విన్నాడు. ఇక స్వామికి విడుదల చేసి, అభిషేకం చేయించి, క్షమించమని దండం పెట్టుకోండి."

"యాడిది విడుదల?" అంది ఆమె. "మేము అడిగింది వాన. ఇది బాయి. బాయి మేము తవ్వుకున్న్యాం. దీన్ని చూపించి ఆయప్ప తప్పించుకుంటానంటే నేనొప్పను."

ఆమె వెనక ఆడవాళ్లు కొత్త నీళ్ల కడవలతో అప్పటికే బారు కట్టి ఉన్నారు. ఊరవతలివాళ్లు కూడా ఆ బారులో ఉన్నారు. ఇంజనీరుగారు వెనక్కి తిరిగి జీపెక్కారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు నన్ను అడుగుతారు, నీళ్లు దేవుడిచ్చాడా మందుగుండు ఇచ్చిందా అని. నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ అవ్వ గద్దించకపోతే ఆ బావిలో చుక్క కూడా పైకి వచ్చేది కాదని మాత్రం తెలుసు. ఆమె దేవుణ్ణీ వదల్లేదు, మమ్మల్నీ వదల్లేదు. తర్వాత నా ఇంట్లోనూ కష్టాలు వచ్చాయి. చావులు చూశాను. దేవుడి ముందుకు నేనూ వెళ్లాను. అయితే పడి ఉండలేదు, నిలబడే అడిగాను. ఇవ్వనివి ఇవ్వలేదని మొహం మీదే చెప్పాను. మా అమ్మ పెట్టిన దండం కంటే ఇది తక్కువదని ఎవరైనా అంటే వాళ్లతో కొట్లాడతాను.

బదిలీ మీద నేను ఆ ఊరినుంచి బస్సెక్కబోతూ చివరిసారి గుడి వెనక్కి వెళ్లాను. వాన ఇంకా రాలేదు. బావిలో పడిన కొత్త నీళ్లతో శివుడు మళ్లీ మునిగి ఉన్నాడు. తూముకు కొత్తగా కొట్టిన బంకమన్ను ఇంకా పచ్చిగానే ఉంది, దాని మీద నాగమ్మవ్వ అయిదు వేళ్లూ దిగబడి కనిపిస్తున్నాయి.